రెండోసారి అడిగితే

ఎర్ల్ జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టేసరికి శ్యామ్‌సుందర్ నోట్లో పెరుగన్నం ముద్ద ఉంది. కనీసం అది మింగేదాకా ఆగినా బాగుండేది. మింగకముందే చెయ్యి దానంతటది పైకి లేచింది, తల అడ్డంగా ఊగింది.

"వద్దు వద్దు, మీరే ఉంచుకోండి," అన్నాడు ఇంగ్లీషులో.

బల్ల మీదున్నది నాలుగువందల పదిహేడో నంబరు కార్డు. దాని మీద డేల్ హాబ్సన్ అనే ఆటగాడు, ముఖానికి తొడుక్కునే ఇనప జాలీని చంకలో పెట్టుకుని, ఎండకి కళ్లు చికిలించి నిలబడి ఉన్నాడు. ఎనభై మూడో సంవత్సరపు బేస్‌బాల్ కార్డులు మొత్తం ఏడువందల తొంభై రెండు. ఏప్రిల్ నుంచీ ప్యాకెట్లు కొని, ఒకే కార్డు రెండేసి వచ్చినవాటిని ఎర్ల్‌తో మార్చుకుని, శ్యామ్‌సుందర్ ఏడువందల తొంభై ఒకటి పోగుచేశాడు. ఈ ఒక్కడే దొరకలేదు. సెప్టెంబరు నెల సగమైపోయింది. మందుల షాపువాడు కౌంటర్ పక్కనుండే కార్డుల పెట్టె తీసేసి అక్కడ హాలొవీన్ పండగ చాక్లెట్లు పెట్టేశాడు. వచ్చే ఏడు కొత్త కార్డులొస్తాయి గాని అందులో ఈ కార్డు రాదు.

ఎర్ల్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "ఓకే," అని కార్డు తీసి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టేసుకున్నాడు.

శ్యామ్‌సుందర్ ఆ గుండీకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంకోసారి అడుగుతాడని ఎదురుచూస్తున్నాడు పాపం. మన ఇళ్లల్లో వడ్డించేవాళ్లు ఇంకొంచెం వెయ్యనా అంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. చాలు చాలు అంటాం. ఆ వేళ్ల సందుల్లోంచి కూడా వడ్డించి వెళ్లిపోతారు. అడిగిన వెంటనే వెయ్యమంటే ముఖం వాచినవాడనుకుంటారు. చెయ్యి అడ్డం పెడితే నిజంగానే గరిటె వెనక్కి తీసుకుపోయే మనిషి శ్యామ్‌సుందర్ పెరిగిన ఊళ్లో ఒక్కడూ లేడు. ఈ ఊళ్లో అందరూ అలాంటివాళ్లే. అమెరికా వచ్చి పదకొండేళ్లుగా పార్సిప్పనీలో ఉంటున్నా, ఆ చెయ్యికి మాత్రం ఈ సంగతి ఇంకా తెలియలేదు.

ఇద్దరూ కూర్చున్నది ఆఫీసు కింది అంతస్తులో, నకళ్లు తీసే గదిలో. పైన శ్యామ్‌సుందర్‌లాంటి డ్రాఫ్ట్స్‌మెన్ గీసిన నక్షాలకి ఎర్ల్ ఇక్కడ అమోనియా యంత్రంలో నీలం నకళ్లు తీస్తాడు. ఆ ఘాటుకి పైనున్నవాళ్లెవరూ ఇటు రారు. శ్యామ్‌సుందర్ మొదట్లో ఇక్కడికి రావడానికి కారణం అదే. అమోనియా ముందు ఆవకాయ వాసన ఎవరికీ ఆనదు. డబ్బా మూత నిర్భయంగా తీసుకోవచ్చు. ఆ రోజుల్లోనే ఎర్ల్ ఒక ప్యాకెట్ విప్పి, లోపలున్న గులాబీ రంగు గమ్ బిళ్ల నోట్లో వేసుకుని, పదిహేను కార్డులు పేకముక్కల్లా పరిచి చూపించాడు. శ్యామ్‌సుందర్‌కి ఆట అర్థం కాలేదు, ఇప్పటికీ పూర్తిగా కాదు. కార్డు వెనకవైపు నచ్చింది. ఏ ఏడు ఏ జట్టులో, ఎన్ని ఆటలు, ఎన్ని పరుగులు, చీమల బారుల్లా అంకెలు. ఒక మనిషి పడిన కష్టమంతా అరచేతిలో పట్టేట్టు రాసిపెట్టి ఉండటం అతనికి భలే ముచ్చటగా తోచింది.

ఆఫీసులో అందరూ అరవై అయిదేళ్ల ఆ మనిషిని ఎర్ల్ అనే పిలుస్తారు. శ్యామ్‌సుందర్ కూడా పైకి అలాగే అంటాడు గాని, మనసులో మాత్రం ఎర్ల్‌గారే. ఆ ఎర్ల్‌గారు శుక్రవారంతో రిటైరై, ఫ్లారిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఇవాళ మంగళవారం.

శ్యామ్‌సుందర్ డబ్బా కడుక్కుని పైకి వెళ్లిపోయాడు. ఎర్ల్ రెండోసారి అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం సెక్షన్ హెడ్ లారెన్స్ పిలిచాడు. వెళ్లేసరికి శ్యామ్‌సుందర్ వేలి మీద ఇంకు ఇంకా ఆరలేదు. మురుగు కాలవల పంపు ఇంటి నక్షా పది రోజులుగా గీస్తున్నాడు. వెంట్రుకంత గీత గీసే పెన్ను మాటిమాటికీ పూడుకుపోయి, దాన్ని ఆడించి ఆడించి మణికట్టు లాగేస్తోంది.

చెకర్ ఉద్యోగం ఖాళీ అయిందని చెప్పాడు లారెన్స్. చెకరంటే మిగతావాళ్లు గీసిన నక్షాలు సరిచూసేవాడు. ఒప్పైన కొలత మీద పసుపు పెన్సిల్, తప్పైనదాని మీద ఎర్ర పెన్సిల్ పెడతాడు. గీయడం ఉండదు. నడుం వంచి బల్ల మీద వాలనక్కర్లేదు. నలభై మూడేళ్లొచ్చి, సాయంత్రానికి కళ్లు మంటలెక్కే మనిషికి అంతకన్నా కావలసిందేముంది? ఏడాదిగా ఆ కుర్చీ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా దాని చేతులకేసి చూస్తూనే ఉన్నాడు.

"నువ్వో గ్యారీయో అనుకుంటున్నాను. నీకు కావాలా, శామ్?" అని అడిగాడు లారెన్స్.

నిన్నటి దెబ్బ పచ్చిగానే ఉంది. ఔననాలని శ్యామ్‌సుందర్‌కి తెలుసు. తెలిసి కూడా నోరు దాని దారిన అది పోయింది. గ్యారీ కూడా బాగా చేస్తాడనీ, తనదేముందనీ, వారికెలా తోస్తే అలా చెయ్యమనీ చెప్పింది. చెప్పి, కాదు కాదు నువ్వే చెయ్యాలి అంటాడేమోనని కాసేపు నిలబడింది. లారెన్స్ ముఖం తేటపడింది. పెద్ద చిక్కు విడిపోయినట్టు నవ్వి, చాలా థాంక్స్ అన్నాడు.

గ్యారీకి పెన్ను పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పింది శ్యామ్‌సుందరే. మంచివాడే గ్యారీ. ఏది అడిగినా ష్యూర్ అంటాడు, అంతే.

ఆ సాయంత్రం అతని భార్య నళిని వానలో తడిసి ముద్దయి వచ్చింది. ఆమె డిపార్ట్‌మెంట్ స్టోర్లో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పని చేస్తుంది. రోజంతా మనుషుల కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గుండుసూదులు గుచ్చి, ఇంటికొచ్చాక గుమ్మంలోనే చెప్పులు వదిలి అరికాళ్లు పిసుక్కుంటుంది. ఇవాళ పిసుక్కోవడానికి కూడా ఓపిక లేక అలాగే కూలబడింది.

శ్యామ్‌సుందర్ భోజనాల బల్ల మీద కార్డుల ఆల్బమ్ తెరిచి కూర్చున్నాడు. పక్కనే గళ్ల కాగితం ఉంది. దాని మీద ఏడువందల తొంభై రెండు గళ్లు తనే గీసి, నంబర్లు వేసి, దొరికిన కార్డు గడిని దొరికినప్పుడు నల్ల ఇంకుతో నింపుకుంటూ వచ్చాడు. మామూలుగా ఇది అతనికి రోజు మొత్తంలో హాయిగా గడిచే అరగంట. మైనం కాగితం చింపగానే వచ్చే తియ్యటి వాసన, గమ్ మీది తెల్ల పొడి కార్డుకి అంటుకుంటే మునివేలితో దులపడం, కొత్తవాణ్ణి ఆల్బమ్‌లో వాడి నంబరున్న జేబులోకి జార్చడం. గమ్ బిళ్ల నళినికి. రాయిలా ఉందని తిడుతూనే నములుతుంది. ఇవాళ విప్పడానికి ప్యాకెట్ లేదు. గళ్ల కాగితం నల్లటి నలుపు మధ్య ఒక్క తెల్ల గడితో పన్నూడిన నోరులా ఉంది.

లారెన్స్ అడిగిన సంగతీ, తను చెప్పిన సంగతీ చెప్పాడు.

"అడిగితే ఔననడానికి ఏమొచ్చిందండీ మీకు?" అంది నళిని.

"మళ్లీ అడుగుతాడనుకున్నాను."

"ఎందుకడుగుతాడు? వాళ్లకేం పని లేదా?" అని, తల తుడుచుకుంటూ ఆగిపోయింది. కాసేపటికి గొంతు తగ్గించి చెప్పింది. స్టోర్లో తన పక్క మిషన్ మీద కుట్టే ఆవిడ, వాన పడుతోంది, కారులో దింపనా అని అడిగిందట. నళిని ఎందుకండీ మీకు శ్రమ, బస్సుందిగా అందట. ఆవిడ సరేనని అద్దం ఎత్తేసుకుని వెళ్లిపోయిందట.

శ్యామ్‌సుందర్‌కి నవ్వొచ్చింది. నళిని కూడా నవ్వింది గాని, ఆ నవ్వు చివరికంటా రాలేదు. తుమ్ము అడ్డం వచ్చింది.

"ఆ కార్డైనా అడిగి తెచ్చుకోండి. పెద్దాయన వెళ్లిపోతాడు," అంది.

"వద్దన్నవాణ్ణి ఇప్పుడు కావాలని ఎలా అడుగుతాను?"

నళిని లేచి చారు వేడిచేయడానికి వెళ్లింది.

గురువారం పొద్దున్న నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. కొత్త చెకర్ గ్యారీ. అందరూ గ్యారీ చెయ్యి పట్టుకుని ఊపారు, శ్యామ్‌సుందర్ కూడా ఊపాడు. గ్యారీ మొహమాటపడుతూ, అంతా నీ చలవే శామ్, అన్నాడు. అన్నది నిజమే. శ్యామ్‌సుందర్ బల్ల దగ్గరికొచ్చి పంపు ఇంటి గోడలు గీస్తూ కూర్చున్నాడు. కోపం రాలేదు. కోపానికైనా కాస్త ఓపిక కావాలి. ఎవరి మీదని వస్తుంది? అడిగినవాడు అడిగాడు, కాదన్నవాడు కాదన్నాడు.

మధ్యాహ్నం మెట్లు దిగుతూ ఇంగ్లీషులో ఒక వాక్యం కట్టుకున్నాడు. చిన్న వాక్యమే. మొన్న వద్దన్నాను, నాకు కావాలి. తీరా గదిలో అడుగుపెట్టేసరికి ఎర్ల్ యంత్రం రోలర్లు తుడుస్తున్నాడు. రోజూ ఈపాటికి తన డబ్బాలోంచి అదనపు కార్డులు తీసి రబ్బరు బ్యాండ్లు విప్పుతుండేవాడు. ఇవాళ డబ్బా తియ్యలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే బాగానే ఉందన్నాడు.

"ఆ హాబ్సన్ మంచి ఆటగాడేనా?" అన్నాడు శ్యామ్‌సుందర్, అన్నం కలుపుకుంటూ, ఏదో మాటకి మాట అన్నట్టు.

"బెంచీ మీద కూర్చోవడంలో మంచివాడు," అన్నాడు ఎర్ల్, వెనక్కి తిరక్కుండానే.

జేబు గుండీ పెట్టే ఉంది. లోపల కార్డు మూల గుడ్డని కొంచెం ఎత్తి చూపిస్తోంది. శ్యామ్‌సుందర్ వాక్యం నోటిదాకా తెచ్చుకుని, పెరుగన్నంతో పాటు మింగేశాడు. ఎర్ల్ గుడ్డ పిండుకుంటూ, వాన తగ్గేలా లేదన్నాడు. లేదన్నాడు శ్యామ్‌సుందర్. పదకొండేళ్లలో వాళ్లిద్దరూ వాన గురించి మాట్లాడుకోవాల్సి రావడం అదే మొదటిసారి.

శుక్రవారం రెండు గంటలప్పుడు గ్యారీ తన బల్ల దగ్గరికి రమ్మని సైగ చేశాడు. నక్షా మీద ఏదో చెరుపుతున్నాడు. కరెంటు రబ్బరు గిర్రున తిరుగుతోంది. పక్క గీతలు చెరిగిపోకుండా వాటి మీద ఒక అట్టముక్క అడ్డం పెట్టి నొక్కి పట్టుకున్నాడు. ఆ అట్టముక్క నాలుగువందల పదిహేడో నంబరు.

హాబ్సన్ టోపీ సగం అరిగిపోయింది. భుజం మీద నల్ల ఇంకు మరక. ఒక మూల మడతపడింది.

"ఇదెక్కడిది?" అన్నాడు శ్యామ్‌సుందర్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పొద్దున్న లాకర్ ఖాళీ చేస్తూ ఎర్ల్ పైకొచ్చి ఇచ్చాడట. కావాలా అంటే ష్యూర్ అన్నాడట గ్యారీ. అది చెప్పి, అసలు పిలిచిన సంగతికొచ్చాడు. పంపు ఇంటి షీటు నాలుగింటికల్లా పైకి వెళ్లాలి. చెకర్‌గా తను సంతకం పెట్టాలి. ఆ కొలతలన్నీ నీకు కంఠతా కదా శామ్, ఒక్కసారి నువ్వు చూసి పసుపు పెన్సిల్ పెట్టేస్తే నేను కింద సంతకం చేసేస్తాను, ఏమనుకోకు, అన్నాడు.

శ్యామ్‌సుందర్‌కి అప్పుడొచ్చింది కోపం. రెండు రోజులు ఆలస్యంగా, అయినా బాగానే వచ్చింది. కోపం గ్యారీ మీద కాదు. కావలసినవన్నీ వద్దంటూ, అక్కర్లేనివన్నీ సరేనంటూ పదకొండేళ్లు తిరిగిన తన నోటి మీద. ఇప్పుడు కూడా ఆ నోరు నో ప్రాబ్లెం అనడానికి తెరుచుకుంటోంది. పళ్లు బిగించి దాన్ని ఆపాడు. కట్టుకుని దాచుకున్న వాక్యం ఇంకా అక్కడే ఉంది.

"ఆ కార్డు నాకు కావాలి."

"ఇదా?" గ్యారీ దాన్ని తిప్పి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "తీసుకో."

అంతే. అయిదు నెలల వెతుకులాట, నాలుగు రోజుల నిద్రలేమి, రెండు మాటల్లో తేలిపోయింది. శ్యామ్‌సుందర్ కార్డు తీసుకుని, రబ్బరు పొడి దులిపి, రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. గ్యారీ పసుపు పెన్సిల్ అందించాడు.

"అది నేను చూడను. చెకర్ పని చెకర్ చెయ్యాలి," అన్నాడు శ్యామ్‌సుందర్. మాట గట్టిగా ఏమీ లేదు. గ్యారీ పెన్సిల్ గాల్లోనే పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత, అవును, నిజమే, అని పెన్సిల్ తన వైపు తిప్పుకుని మొదటి కొలత మీదకి వంగాడు.

తన బల్ల దగ్గరికొచ్చాక శ్యామ్‌సుందర్ కూర్చుని కార్డు వెనక్కి తిప్పాడు. తొమ్మిదేళ్లు, నాలుగు జట్లు. ఒక ఏడు ముప్పై ఒక్క ఆటలు, ఒక ఏడు పంతొమ్మిది, ఒక ఏడు నలభై నాలుగు. ఎక్కడా పెద్ద అంకె లేదు. కింద చిన్న అక్షరాల్లో, ఆట లేని చలికాలంలో డేల్ వడ్రంగం పని చేస్తాడు అని ఉంది.

మూడున్నరకి అందరూ కాఫీ గదిలో చేరారు. ఎర్ల్ కోసం తెప్పించిన కేకు బల్ల మీద ఉంది. లారెన్స్ నాలుగు మాటలు మాట్లాడాడు, చప్పట్లయ్యాయి, ఎర్ల్‌నే కోయమని కత్తి ఇచ్చారు. మొదటి వరస వాళ్లు ముక్కలు పట్టుకుని అటూ ఇటూ సర్దుకున్నాక శ్యామ్‌సుందర్ దగ్గరికెళ్లి, కార్డు తీసి బల్ల అంచు మీద పెట్టాడు.

"మొన్న వద్దన్నాను గాని, నాకిది కావాలి. మొన్న కూడా కావాలి."

ఎర్ల్ కార్డు మీది ఇంకు మరకని చూశాడు. కత్తి కింద పెట్టాడు.

"దీని కోసం ఆదివారం మోరిస్‌టౌన్ వెళ్లాను, శామ్. అక్కడ ఒక కొట్లో ఆఖరి పెట్టె ఉంది. మా వంటింటి బల్ల మీద ముప్పై ఆరు ప్యాకెట్లు విప్పాను. ముప్పై నాలుగో దాంట్లో ఉన్నాడు." గొంతు సవరించుకున్నాడు. "నువ్వు వద్దన్నావు. నా దగ్గర తీసుకోవడం నీకిష్టం లేదనుకున్నాను."

నాలుగు రోజులుగా శ్యామ్‌సుందర్ తను పోగొట్టుకున్నదే లెక్క అనుకున్నాడు గాని, ఇవ్వడానికి వచ్చినవాడి చెయ్యి ఖాళీగా కాదు, నిండుగానే వెనక్కి వెళ్లిందన్న సంగతి తట్టనే లేదు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చెప్పాడు, తమ వైపు మొదటిసారి అనే 'వద్దు'కి అర్థం వద్దని కాదని.

"మరేమిటి?"

"మర్యాద. రెండోసారి అడగాలి. ఒక్కోసారి మూడోసారి కూడా."

ఎర్ల్ కళ్లు ఎక్కడో వెనక్కి వెళ్లి వెతుకుతున్నాయి.

"మా ఆవిడ మార్గరెట్ బతికుండగా, క్రిస్మస్ భోజనానికి మీ ఇద్దర్నీ రమ్మన్నాను. రామన్నావు."

"రావాలనే ఉండింది."

"మంచు పడినప్పుడు కారులో దింపుతానన్నాను."

"అప్పుడూ అంతే."

"మార్గరెట్ అల్లిన మఫ్లర్?"

శ్యామ్‌సుందర్ తల వంచుకున్నాడు. బూడిద రంగు మఫ్లర్ అది, అంచున ఎర్ర గీత. అతనికి ఇప్పటికీ గుర్తే.

"పదకొండేళ్లు కలిసి అన్నం తిన్నాం," అన్నాడు ఎర్ల్ మెల్లిగా. "ఈ సంగతి నాకు ఇవాళా చెప్పడం?"

శ్యామ్‌సుందర్ కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ గదిలో ఇంకెవరూ వాళ్లకేసి చూడటం లేదు. ఎర్ల్ కత్తి అందుకుని, చక్కెర గులాబీ ఉన్న మూల ముక్క కోసి, కాగితం పళ్లెంలో పెట్టి ముందుకు చాచాడు.

"కేకు?"

చెయ్యి లేచింది. ఎంత పాడు చెయ్యో, అది అప్పుడే లేచి, వద్దు వద్దు అన్నట్టు ఊగింది కూడా. నోరు కూడా, ఫరవాలేదు, మీరు తినండి, అనేసింది. అనేశాక శ్యామ్‌సుందర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి పళ్లెం అక్కడే ఉంది. ఎర్ల్ దాన్ని అంగుళం కూడా వెనక్కి తీసుకోలేదు.

"కేకు తీసుకో, శామ్," అన్నాడు రెండోసారి.

ఈ దేశానికొచ్చాక తనని రెండోసారి అడిగిన మొదటి మనిషి ఇతనే. శ్యామ్‌సుందర్ రెండు చేతులతో పళ్లెం అందుకున్నాడు.

ఎర్ల్ కత్తి తుడిచి పక్కన పెట్టబోయాడు.

"ఇంకో ముక్క కావాలి, నళినికి," అన్నాడు శ్యామ్‌సుందర్, ఎవరూ అడక్కుండానే.